అతుకు దగ్గర పరీక్ష

2018 ఫిబ్రవరిలో తెలుగు లిపి ప్రపంచ వార్తలకెక్కింది. అందుకు మనం గర్వపడవలసిన కారణమేమీ లేదు. ఐఫోనులోకి ఒక తెలుగు అక్షరం సందేశంగా వచ్చిపడితే, దానిని చూపబోయిన అప్లికేషను మూతపడిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూతపడేది. ఆ అక్షరం ‘జ్ఞా’ అని పత్రికలు వ్రాశాయి. ఆపిల్ సంస్థ అదే నెల 19వ తేదీన 11.2.6 అనే సవరణను విడుదల చేసి ఉపద్రవాన్ని ఆపింది.

నిజానికి ‘జ్ఞా’ నిర్దోషి. అంతకు ముందు ఆ ఫోనులలోనే ‘విజ్ఞానం’ అని, ‘జ్ఞానపీఠం’ అని ఎందరో వ్రాసుకున్నారు, ఏ ఆపదా రాలేదు. కంప్యూటరు మన అక్షరాలను సంఖ్యలుగా దాచుకుంటుందని పాఠకులకు తెలిసినదే. దశాంశ లెక్కలో జకారం 3100, పొల్లు 3149, ఞకారం 3102, దీర్ఘం 3134. ఈ నాలుగూ వరుసగా వస్తే ‘జ్ఞా’ అవుతుంది. ఆపద తెచ్చిన వరుసలో మాత్రం ఞకారానికీ దీర్ఘానికీ నడుమ 8204 అనే ఐదవ సంఖ్య దూరింది. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. ‘ఇక్కడ కలపవద్దు’ అని చెప్పడమే దాని పని. ఒత్తుకూ గుణింతానికీ మధ్య దానిని బుద్ధిపూర్వకంగా ఎవరూ పెట్టరు. ఎలాగో పడింది, యంత్రం తల్లక్రిందులైంది. మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామరు ఆ రోజులలోనే ఈ సంగతిని విప్పి చూసి, ఇదే పోకడ బెంగాలీలోనూ దేవనాగరిలోనూ కొన్ని కలయికలకు వర్తిస్తుందని చూపించాడు. తెలుగులో రెండవ హల్లు ఏదైనా చాలు. గుణింతం ఐత్వమైతే మాత్రం ఏమీ కాదు. ఆ మినహాయింపు ఎందుకో ముందు చెబుతాను.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. ఆ ఐదింటిలో దేనిని విడిగా పరీక్షించినా అది సరిగానే ఉన్నది. తప్పు వస్తువులో లేదు, అతుకులో ఉన్నది. సాఫ్ట్‌వేర్ వారు రెండు విధాల పరీక్షలు చేస్తారు. ఒక్కొక్క భాగాన్నీ విడదీసి చేసేది యూనిట్ టెస్టు. భాగాలన్నీ కలిసి పనిచేస్తున్నప్పుడు చేసేది ఇంటిగ్రేషన్ టెస్టు. మన వ్యాకరణం చదివినవారికి ఈ భేదం కొత్త కాదు. ‘వాడు’ సరే, ‘ఎక్కడ’ సరే. ‘వాడెక్కడ’ అన్నప్పుడు ఉకారం ఏమైందో చెప్పడానికి సంధి ప్రకరణం కావలసి వచ్చింది. నిఘంటువు ఎంత పెద్దదైనా సంధి ప్రకరణం పని చేయదు.

ఆపిల్ వారి ప్రోగ్రాము మూసిన పెట్టె. వారు ఏమేమి పరీక్షిస్తారో మనకు కనబడదు. అదే పని చేసే బహిరంగమైన పనిముట్టు ఒకటున్నది. పేరు హార్ఫ్‌బజ్. పారశీక భాషలో ‘తెరచిన అక్షరం’ అనే అర్థం వచ్చేటట్లు పెట్టిన పేరు. ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ దీని ప్రధాన నిర్మాత. ఆండ్రాయిడ్ ఫోనులు, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్ అన్నీ అక్షరాలను పేర్చడానికి దీనినే నమ్ముకున్నాయి. ఆండ్రాయిడ్ ఫోను పట్టుకుని తెలుగు చదివే ప్రతివాడూ తెలియకుండానే దీని ఆసామి. మూల గ్రంథమంతా ఎవరైనా చదవవచ్చు, పరీక్షలతో సహా. చదవడానికి నాబోటి ఆంగ్ల సాహిత్య విద్యార్థికి అంత భయపడవలసిన పని లేదని తేలింది. పరీక్షల ఫైళ్ళు చూస్తే పాఠాంతరాల పట్టికలవలె ఉంటాయి.

ఈ పనిముట్టుకు కిటికీలు, బొత్తాలు లేని ఒక రూపమున్నది. కమాండ్ లైన్‌లో ‘హెచ్‌బి-షేప్’ అని టైపు చేసి, ఒక ఫాంటునూ కొన్ని అక్షరాలనూ ఇస్తే, ఏ రూపాలను ఏ వరుసలో ఎంత దూరంలో పెట్టాలో ఒక పంక్తిలో తిరిగి చెబుతుంది. పరీక్ష కూడా ఒక్క పంక్తే. అందులో నాలుగు గదులు: ఫాంటు పేరు, ఐచ్ఛికాలు, అక్షరాల సంఖ్యలు, రావలసిన జవాబు. వచ్చినదీ రావలసినదీ ఒకటైతే పరీక్ష నెగ్గినట్లు. ఫాంటు మారితే జవాబు మారుతుంది కనుక, ఆ పరీక్షకు కావలసిన నాలుగైదు రూపాలు మాత్రమే మిగిల్చి ఫాంటును కత్తిరించి పరీక్షతోపాటే భద్రపరుస్తారు. పదేళ్ళ తరువాత కూడా అదే ఫాంటు, అదే ప్రశ్న.

జవాబు గది ఎలా నిండుతుందన్నది అసలు చిక్కు. దానికొక చిన్న స్క్రిప్టు ఉన్నది. ఆ స్క్రిప్టు పనిముట్టును నడిపి, వచ్చిన జవాబునే రావలసిన జవాబుగా నమోదు చేస్తుంది. ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న పనిముట్టుకు ఇది అవసరమే. నేటి ప్రవర్తనను నమ్ముకుని లక్షల మంది ఉన్నారు, రేపటి సవరణ దానిని చెడగొట్టకూడదు. కాని నేటి ప్రవర్తనలోనే తప్పుంటే? ఆ తప్పు ప్రమాణమై కూర్చుంటుంది. సాక్షి సంతకం ముద్దాయిచేత పెట్టించినట్లవుతుంది. అందుకని నమోదుకు ముందు ఆ భాష చదవగలిగినవాడు ఒకడు బొమ్మను చూసి ‘ఔను, ఇది మా అక్షరమే’ అనాలి. బొమ్మ గీసి చూపడానికి ‘హెచ్‌బి-వ్యూ’ అనే జంట పనిముట్టు ఉన్నది. చూడవలసిన కన్నును మాత్రం ప్రోగ్రాము సమకూర్చలేదు.

ఇక ఎన్ని పరీక్షలు కావాలి? మన హల్లులను 35గా లెక్కించుకుందాం. ఒక హల్లుకు మరొక హల్లు ఒత్తుగా చేరితే 1,225 జంటలు. తలకట్టు మొదలు ఔత్వం వరకు 13 గుణింతాలు వేసుకుంటే 15,925. ‘స్త్రీ’లోవలె మూడు హల్లులు కలిసిన చోట 5,57,375. సున్న, విసర్గ, పొల్లు ఇంకా చేర్చలేదు. ఇందులో నూటికి తొంభైకి పైగా ఏ తెలుగువాడి నోటా వినబడనివి. అన్నిటినీ యంత్రంచేత నడిపించవచ్చు, యంత్రానికి అది క్షణాలలో పని. కాని ఐదున్నర లక్షల బొమ్మలను చూసి ఔనని చెప్పే పండితుడెక్కడ?

హార్ఫ్‌బజ్ వారు 2012 ప్రాంతంలో మరొక మార్గం తొక్కారు. తెలుగు వికీపీడియా నుంచి పదాలను ఏరి, వాటిని తమ పనిముట్టుకూ, మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఇదే పని చేసే యూనిస్క్రైబ్‌కూ ఇచ్చి, జవాబులను సరిపోల్చి చూశారు. మొత్తం 9,70,573 పరీక్షలు. సవరణ వెంట సవరణ చేసుకుంటూ పోగా చివరకు సరిపడనివి 18 మిగిలాయి. ఆ లెక్కలు సవరణల చిట్టాలో నేటికీ ఉన్నాయి. ఒక్క తెలుగుకే కాదు, బెంగాలీ మొదలైన ఇతర భారతీయ లిపులకు కూడా అలాగే లెక్క కట్టారు. సి. పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులను పోల్చిచూపించిన పని నాకు గుర్తుకు వచ్చింది. ఒక ప్రతిని మరొక ప్రతికి ఎదురుగా పెట్టడం, భేదమున్న చోటనే ఆగడం. తొమ్మిది లక్షల డెబ్భై వేల పదాలను ఎవరూ చదవనక్కరలేదు, పద్ధెనిమిదింటిని చదివితే చాలు.

ఈ పద్ధతిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయినా రెండు ప్రతులూ ఒకే తప్పు వ్రాస్తే పోలికలో ఆ తప్పు బయటపడదు. భేదమున్న చోట కూడా మనవైపే తప్పున్నదని అనుకోరాదు, ప్రమాణంగా పెట్టుకున్న ప్రతిలోనే లోపం ఉండవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, వికీపీడియాలో లేని పదం ఆ తొమ్మిది లక్షలలో లేదు.

ఈ మాట నేను ఆవపల్లి నుంచి వ్రాస్తున్నాను. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, ఊసూరు బ్లాకు. బడి భాష హిందీ, దుకాణాల బోర్డులు హిందీ. ఇళ్ళలో దోర్ల వారి మాట, అందులో తెలుగు పాలు ఎక్కువ. మిరపకోతల కాలంలో ఈ ప్రాంతం వారు మూటాముల్లె కట్టుకుని తెలంగాణ చేలకు పోతారు. కూలి లెక్కలు, మందుల చీటీలు, మేస్త్రీ పంపే సందేశాలు తెలుగులో వస్తాయి. కొంతకాలం క్రితం మలేరియా మాత్రల గురించి ఒక పేజీ కరపత్రాన్ని నేను తెలుగు చేశాను. నా కంప్యూటరులో నిక్షేపంగా ఉన్నది. చర్ల వైపు బడిలో చదువుకున్న ఒక దోర్ల యువకుడి పాత ఫోనులో ఒత్తులన్నీ విడిపోయి ‘మాత్‌ర’, ‘రాత్‌రి’ అని కనిపించాయి. నావంటివాడు ఊహించి చదువుకుంటాడు. కూడబలుక్కుని చదివేవాడు ప్రతి పొల్లు దగ్గరా ఆగుతాడు. ‘రాత్‌రి’ దగ్గర అతడు ఆగిపోయి, “ఇదేంటి సార్, ఏ పూట వేసుకోమంటది?” అని అడిగాడు.

అది పాత యంత్రం, నేటి ఫోనులలో ఆ జబ్బు లేదు. నేటి ఫోనులకు ఈ ప్రాంతం వేసే ప్రశ్న వేరు. ఇక్కడి ఊళ్ళ పేర్లు చూడండి. భోపాల్‌పట్నం. జిల్లా దాటితే జగర్‌గుండ, జగ్‌దల్‌పూర్, రాయ్‌పూర్. అన్నీ నడుమ పొల్లు ఉన్న పేర్లు. తెలుగు లిపి స్వభావం ప్రకారం పొల్లు తరువాత హల్లు వస్తే అది ఒత్తుగా కిందికి దిగుతుంది. ‘భోపాల్పట్నం’, ‘రాయ్పూర్’ అవుతాయి. దిగకుండా ఆపేది మనం మొదట చూసిన ఆ కనిపించని 8204వ గుర్తే. పేరు చివర పొల్లు ఉంటే విభక్తి చేర్చినప్పుడల్లా అది కావాలి. ‘బీజాపూర్‌లో’ అని వ్రాయడానికి ఒకటి, ‘రాయ్‌పూర్‌కు’ అని వ్రాయడానికి రెండు, ‘జగ్‌దల్‌పూర్‌నుంచి’ అనడానికి మూడు. గుంటూరు, కడప, ఏలూరు అని అజంతంగా పలికే సీమలో దీని అవసరం అంతగా తెలియదు. హిందీ పేర్లకు తెలుగు విభక్తులు తగిలించుకుని బ్రతికే సరిహద్దులో అది ఉప్పువంటిది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటే దాని సాయం లేకుండా వ్రాయలేమని చెబితే హైదరాబాదు పాఠకులు కూడా ఒప్పుకుంటారు.

కాబట్టి తెలుగు కొరకు ఈ పనిముట్టుకు కొత్త పరీక్షలు చేర్చే ప్రణాళిక వేయమంటే, నేను సంఖ్య జోలికి ముందు పోను. ‘కవరేజి’ అనే మాటకు ప్రోగ్రామర్లు సాధారణంగా ఇచ్చే అర్థం, పరీక్షలు నడిచినప్పుడు మూల గ్రంథంలోని ఎన్ని పంక్తులు పనిలోకి వచ్చాయన్నది. నూటికి తొంభై అని తేలితే సంతోషిస్తారు. ఆ లెక్కకు విలువ లేకపోలేదు, ఎన్నడూ నడవని పంక్తి ఏదో అది చూపిస్తుంది. కాని ఒత్తును పేర్చే పంక్తి నడిచింది, గుణింతాన్ని పేర్చే పంక్తి నడిచింది, కనిపించని గుర్తును దాటే పంక్తి నడిచింది. మూడూ ఒకే అక్షరంలో ఒకదాని వెంట ఒకటి నడిచాయా? ఆ ప్రశ్నకు పంక్తుల లెక్క జవాబు చెప్పదు.

ప్రణాళికను అతుకుల నుంచి మొదలుపెట్టాలి. తెలుగులో అతుకు బిగువుగా ఉండే చోట్లు మన అక్షరాభ్యాసం నాటి పలకమీదే ఉన్నాయి. ఐత్వం సంగతి తీసుకోండి. అది చూపుకు ఒకటి, యూనికోడ్ లెక్కకు రెండు ముక్కలు: పైన ఎత్వం, కింద ఒక కొమ్ము. ‘క్షై’ అని వ్రాస్తే కింద షకార ఒత్తుకూడా చోటడుగుతుంది. పై ముక్క తలకట్టు స్థానాన్ని ఆక్రమించాలి, కింది ముక్క ఒత్తుతో తగవు పడకూడదు. 2018లో ఐత్వానికి ఆపద తగలకపోవడానికి కారణం ఇదే, రెండు ముక్కలైన గుణింతం వేరే దారిన పోయింది. ఇక్కడ ఒక పరీక్షతో సరిపెట్టరాదు. ఒత్తు లేని ఐత్వం, ఒక ఒత్తుతో, రెండు ఒత్తులతో, నడుమ 8204తో, ఇన్ని కావాలి. ప, ఫ, ష, స, హలకు గుణింతాలు అతికే తీరు తక్కిన హల్లులవలె ఉండదు కనుక వాటికి విడిగా ఒక వరుస కావాలి. ఘకారం, యకారం, మకారం కొమ్ములతో చేసే విన్యాసాలకు మరొకటి. క, చలవంటి సాధువులకు ఒక్కొక్కటి చాలు.

వలపలగిలకను మరవరాదు. పాత పుస్తకాలను కంప్యూటరుకు ఎక్కించేవారికి అది నేడూ కావాలి. దానికి 8204 పనికిరాదు, దాని తోబుట్టువైన ‘కలుపుము’ అనే గుర్తు కావాలి. అలాగే నకారపు పొల్లు. పాత అచ్చులో దానికి ప్రత్యేక రూపముండేది. 2021లో వెలువడిన యూనికోడ్ 14వ సంచికలో దానికి సొంత సంఖ్య ఇచ్చారు. అంటే 2012 నాటి తొమ్మిది లక్షల పదాలలో ఆ సంఖ్య ఉండే అవకాశమే లేదు. మంచి ప్రణాళికకు కూడా వయసు మీదపడుతుంది; ప్రమాణం మారినప్పుడల్లా పరీక్షల పట్టికను తిరిగి తెరవాలి.

అతుకుల తరువాత నిజమైన వ్రాత. వికీపీడియాకు తోడు వేరే తావుల నుంచి పదాలు రావాలి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా బోధన ఆరంభించి, కోయ, గోండి మొదలైన వాటికి తెలుగు లిపిలో వాచకాలు వేసింది. ఆ వాచకాలలోని అక్షరాల పోహళింపు తెలుగు విజ్ఞానసర్వస్వంలో విరివిగా దొరుకుతుందని ఆశించలేము. తెలుగు లిపిని వాడేవారందరూ తెలుగువారు కారు. సంస్కృతాన్ని తెలుగు లిపిలో చదువుకునేవారి కొరకు ‘ర్ధ్వ’, ‘త్స్న్య’వంటి మూడు నాలుగు హల్లుల గుత్తులు పట్టికలో ఎలాగూ చేరుతాయి, పండితులకు నోరున్నది. కోయ వాచకానికి అలా మాట్లాడే నోరు తక్కువ.

అర్థంలేని వ్రాత కూడా పరీక్షలో భాగమే. మతిలేని వరుసలను లెక్కలేనన్ని పుట్టించి ప్రోగ్రాము మీద పోసే విధానం ఉన్నది, దానిని ఫజ్జింగ్ అంటారు. గూగుల్ 2016లో బహిరంగ ప్రోగ్రాముల కొరకు అటువంటి ఏర్పాటు మొదలుపెట్టింది, హార్ఫ్‌బజ్ కూడా ఆ నిప్పులో కాలుతూనే ఉన్నది. అక్కడ జవాబు ఒప్పా తప్పా అని చూడరు, కుప్పకూలిందా లేదా అన్నదే చూస్తారు. 2018 నాటి ఐదు సంఖ్యలు ఈ కోవకు చెందినవి. ‘రాత్‌రి’ ఈ కోవకు చెందదు. అక్కడ ఏదీ కూలలేదు, ప్రోగ్రాము నిమ్మళంగా తప్పు చూపించింది. ఈ రెండవ రకాన్ని పట్టడానికి చదివే మనిషి తప్ప వేరే సాధనం నాకు కనబడలేదు.

చివరది ఫిర్యాదులు. ఎవరైనా ఒక తప్పును చూపితే, దానిని దిద్దడంతో పని ముగిసినట్లు కాదు. ఆ తప్పునే ఒక పంక్తిగా పరీక్షల ఫైలులో చేర్చాలి, తప్పు మళ్ళీ వస్తే గంట మోగాలి. హార్ఫ్‌బజ్‌లో ఇది ఏనాటి నుంచో ఉన్న ఆచారం. పరీక్షల పంక్తులలో చాలా భాగం ఇలా ఎవరో ఒకరు ‘మా లిపిలో ఇది ఇలా ఉండదు’ అని చెప్పిన సందర్భాల నుంచి పుట్టినవే. ఫిర్యాదు చేయడానికి ప్రోగ్రామింగు రానక్కరలేదు. ఏ ఫాంటు, ఏ అక్షరాలు, ఏమి కనిపించింది, ఏమి కనిపించవలసింది, ఈ నాలుగు చెప్పగలిగితే చాలు. పరీక్షలోని నాలుగు గదులలో మూడు అప్పుడే నిండినట్లు.

ఆవపల్లిలో నేను ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. మా పక్క ఇంటి పిల్లలు, ఆ దోర్ల యువకుడు, అప్పుడప్పుడు బాసగూడ నుంచి వచ్చే ఒక ఉపాధ్యాయుడు చెప్పిన మాటలు అందులో ఎక్కిస్తున్నాను. ఊరి పేర్లు విభక్తులతో, మందుల పేర్లు, ఇంటి పేర్లు. ఇప్పటికి రెండు వందల పదమూడు పోగయ్యాయి. వాటిని ‘హెచ్‌బి-వ్యూ’కు ఇచ్చి బొమ్మలు గీయించి కాగితం మీద అచ్చు తీయించాను. ఆదివారాలు ఆ యువకుడు ఒక్కొక్కటే చూసి పక్కన సున్న చుడతాడు, లేదా గీత కొడతాడు. గీతలు ఇంతవరకు నాలుగు. వాటిలో మూడు ఫాంటు తయారుచేసినవారి లోపమని తేలింది, వారికి వేరే జాబు వ్రాయాలి. నాలుగవది ‘జగ్‌దల్‌పూర్‌నుంచి’. నా ఫోనులో బాగానే ఉన్నది, అతని ఫోనులో మూడవ అతుకు దగ్గర నకారం కిందికి జారింది. గుర్తును టైపు చేయించే కీబోర్డు దానిని మింగిందా, పేర్చే పనిముట్టు దాటిందా అన్నది తేల్చాలి. సంఖ్యల వరుసను బయటికి తీసి చూస్తే గాని తెలియదు.